చాంబర్‌లో నూనె

మా ఆయన పటాలం నుంచి రిటైరై వచ్చి, నారాయణఖేడ్‌లో ఒక బ్యాంకు గేటు దగ్గర గన్‌మన్‌గా చేరాడు. రైఫిల్ ఆయన సొంతం. తాగిన చాయ్ కప్పు ఏనాడూ కడగని ఈ మనిషి, ఆదివారం వస్తే ఆ రైఫిల్‌కు మాత్రం పసిపిల్లకు తలంటు పోసినంత శ్రద్ధగా సేవలు చేస్తాడు. తూటాలు బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. బోల్టు ఊడదీసి, కడ్డీకి తెల్లగుడ్డ చుట్టి, తూటా కూర్చునే చాంబర్‌లో తిప్పి తిప్పి తుడుస్తాడు. గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా వదలడు. నేను ఇంట్లో బట్టలు కుడతాను కాబట్టి పాప్లిన్ ముక్కల సరఫరా నాది. పొరపాటున పూలగుడ్డ ఇచ్చానా, పటాలం పరువంతా పోయినట్టు అరుస్తాడు.

మొన్న కందులు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో ఒక ఆదివారం, గుడ్డ తీసి వెలుతురుకు పట్టి, "చూసినవా, మల్లెపువ్వు లెక్క ఉన్నది" అన్నాడు. దాని మీద వేలెడంత నల్లటి చార. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. పై వారమూ అదే మాట, అదే చార. ఆటపట్టించడం కాదు, ఆయనకు కనిపించడం లేదని అర్థమైంది. చూపు ఆనని గన్‌మన్‌ను ఎవరు ఉంచుకుంటారు? నౌకరీ పోతే ఇంట్లో కూర్చుని పొద్దస్తమానం నా వంటపాత్రలు తనిఖీ చేస్తాడు, అదొక భయం. కూర్చుని కుంగిపోతాడేమో, అది అసలు భయం.

అందుకే నోరు మూసుకుని, ఆయన స్నానానికి పోగానే నేనే తుడవడం మొదలుపెట్టాను. ఒక ఆదివారం నా తెలివి కూడా కలిపాను. కుట్టుమిషన్‌కు నూనె పోస్తే సాఫీగా నడుస్తుంది కదా అని చాంబర్‌లోనూ ధారాళంగా పోశాను.

ఆయన వచ్చి బోల్టు పెట్టబోతూ చాంబర్‌లో వేలు పెట్టాడు. ఆ వేలు వాసన చూశాడు.

"ఏందే గిది? మిషన్ నూనె! చాంబర్ సూఖా ఉండాలె, నూనె సుక్క ఉండొద్దు. గిట్లనే పేలిస్తే జోరంత ఎన్కకు, బోల్టు మీదికొస్తది. నా మొకం పోతుండె!"

అబద్ధం నోటిదాకా వచ్చింది కానీ, ఆ మాట విన్నాక మింగేశాను. చార ఉన్న గుడ్డ తెచ్చి చేతిలో పెట్టాను.

"నువ్వు మల్లెపువ్వు అన్నది దీన్నే. నీకు కండ్లు కనిపిస్తలెవ్వు."

గుడ్డను దగ్గరికి పట్టి చూశాడు, దూరం పెట్టి చూశాడు.

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

"నెలాయె. నీకు?"

"ఆర్నెల్లు."

"ఆర్నెల్లసంది చూపు లేకుంట గన్ను పట్టుకొని నిలవడ్డవా? సిగ్గులేదా?" తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను.

"నౌకరీ పోతదని భయమైంది" అన్నాడు. ఆయన నోట భయమనే మాట నేనెన్నడూ వినలేదు. నా కోపం ఎటు పోయిందో పోయింది.

సోమవారం రైఫిల్ ఇంట్లోనే వదిలి, మేనేజర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను గేటు బయట నిలబడ్డాను.

"కండ్లు చూపించుకొని, ఆపరేషన్ అయితే చేయించుకొని రమ్మన్నరు. గప్పటిదాక జాగ ఉంటదో లేదో" అన్నాడు బయటికొచ్చి.

సంగారెడ్డి దవాఖానకు పోదామని అటునుంచి అటే బస్టాండుకు నడిచాం. వరసగా నిలబడ్డ బస్సుల ముందు ఆగి, నా చెయ్యి పట్టుకుని, "సంగారెడ్డి బస్సు ఏదో చదివి చెప్పవే" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్ను సాయం అడిగింది అదే మొదటిసారి. బోర్డు చదవబోతే నాకూ అక్షరాలు కనిపించలేదు, కళ్లనిండా నీళ్లు.