మీటరు మీద బొట్టు

ఇరవై ఏళ్లు దాటిన మినీ లారీ నడిపేవాడి చెవులు రెండూ ఇంజనులోనే ఉంటాయి. పక్కనున్న మనిషి పిలిస్తే పలకడు గాని, ఎక్కడో ఒక నట్టు వదులైతే చప్పున వినపడుతుంది. నా భార్య ఈ మాట చుట్టాలందరికీ చెప్పి నవ్వేది. అలాంటి నేను కళ్లెదుట వెలిగిన దీపాన్ని చూడనట్టు నటించాను. ఎందుకంటే భయం. దానికి ఇంకో పేరు పెట్టి తప్పించుకోలేను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు వెనక గల్లీ మాది. వానాకాలం చివర్లో ఒక పొద్దున బండి స్టార్ట్ చేస్తే, మీటర్ల పక్కన బ్యాటరీ బొమ్మ ఉన్న చిన్న ఎర్రదీపం ఆరలేదు. తాళం తిప్పగానే వెలిగి, ఇంజను అందుకోగానే ఆరిపోవాలది. ఆరలేదంటే ఆల్టర్నేటర్ కరెంటు తయారుచేయడం లేదని అర్థం. మా డ్రైవర్లు దాన్ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. యాక్సిలరేటర్ తొక్కి గట్టిగా రేజ్ ఇచ్చాను, ఆరింది. హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు మళ్లీ వెలిగింది, దానితోపాటు సన్నగా కీచుమని చప్పుడు. బెల్టు బిగించాను. రెండు రోజులు ఊరుకుంది.

మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే సరిపోయేది. కానీ పాత బండిని మిస్త్రీకి చూపించాలంటే నాకు దవాఖానకు పోయినట్టే ఉంటుంది. ఒకటి చూపిస్తే నాలుగు బయటపెడతాడు. "ఇంక దీన్ని తుక్కుకు వెయ్" అని ఏదో ఒకరోజు ఎవడో ఒకడు అంటాడు. ఆ మాట వినలేక రోజులు నెట్టుకొచ్చాను. ఈ బండి తప్ప నాకు ఇంకేం చేతకాదు మరి.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు బండి కడిగి, చక్రాలకు, స్టీరింగుకు, మీటర్లకు పసుపు రాసి బొట్లు పెడతాం. నా భార్య కింద టైర్ల ముందు నిమ్మకాయలు సర్దుతోంది. నేను క్యాబిన్లో కూర్చుని, తడిపిన పసుపులో వేలు ముంచాను. స్పీడు మీటరుకొకటి పెట్టాను. డీజిల్ మీటరుకొకటి. మూడోది నేరుగా ఆ ఎర్రదీపం మీద పెట్టాను. మందంగా, వెలుగు రవ్వంత కూడా బయటికి రాకుండా పులిమి, పైన కుంకుమ అద్దాను. చేతులు జోడించి మొక్కాను కూడా. దేవుణ్ని అంత దగ్గర కూర్చుని మోసం చేసినవాడు మా గల్లీలో ఇంకొకడు ఉండడు.

ఆ తర్వాతి ఆదివారం తుర్కయంజాల్‌లో మా చెల్లె మనవరాలిని తొట్టెల్లో వేసే వేడుక. ఇరవై మంది దాకా చుట్టాలు, ముసలివాళ్లు, పిల్లలు, బండి వెనక చాపలు పరచుకుని కూర్చున్నారు. క్యాబిన్లో నా పక్కన నా భార్య, ఆమె ఒళ్లో నాలుగేళ్ల మా మనవరాలు. బయల్దేరేటప్పుడు బండికి ఏదో లోపం ఉందని ఎవరూ నోరెత్తకూడదని మా ఇంట్లో నియమం. "టైర్ల గాలి ఉందా" అని అడిగినా తప్పే. అడిగినవాళ్లు దిగి, కాళ్లు కడుక్కుని మళ్లీ ఎక్కాలి. నేనే పెట్టిన నియమమది. నా భార్య ఏదో అనబోయినట్టు నా వైపు చూసి, మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

మెట్రో స్తంభాల కింద నుంచి కొత్తపేట దాటేసరికి కీచు చప్పుడు గరగరగా మారింది. హారన్ గొంతు పీలగా అయింది.

"తాతా, బండి ఏడుస్తుంది" అంది మనవరాలు.

"పాట పాడుతుంది బిడ్డా" అన్నాను.

ఎల్బీనగర్‌లో ఫ్లైఓవర్ దిగుతుండగా కాలిన రబ్బరు వాసన గుప్పుమంది. కింద సిగ్నల్. ముందు ఒక స్కూటీ, వెనక సీటు మీద చంటిపిల్లను పట్టుకున్న ఒకామె. బ్రేకు తొక్కాను, పట్టింది. రెండోసారి తొక్కాను, సగమే పట్టింది. మూడోసారి పెడల్ బండరాయి అయిపోయింది. సీట్లోంచి లేచి బరువంతా వేసి తొక్కినా దిగలేదు.

వెనక చాపల మీద ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చున్నారో వరసగా కళ్లముందుకొచ్చింది. గేరు బలవంతంగా రెండులోకి దించాను, ఇంజను అరిచింది. భుజం పీకుకుపోయేలా హ్యాండ్‌బ్రేకు లాగి, ఎడమ చక్రాన్ని ఫుట్‌పాత్ రాళ్లకేసి ఒరిపించాను. స్కూటీకి జానెడు దూరంలో బండి ఆగింది. ఆ చంటిపిల్ల నన్ను చూసి నవ్వింది. పచ్చ సిగ్నల్ పడగానే వాళ్లు వెళ్లిపోయారు, వాళ్లకేమీ తెలియదు.

"ఏమైందిరా?" అని వెనకనుంచి కేకలు.

"ఏం కాలే, దిగుండ్రి. డీజిల్ అయిపోయింది" అన్నాను. అప్పుడు కూడా నోటికి నిజం రాలేదు.

చుట్టాలు గొణుక్కుంటూ ఆటోలెక్కి వెళ్లిపోయారు. నా భార్య మాత్రం మనవరాలిని ఎత్తుకుని ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయింది.

మలక్‌పేట నుంచి తెలిసిన మిస్త్రీ బైకు మీద వచ్చాడు. డైనమో బేరింగు పట్టేసింది, దాని మీద రాసుకుని రాసుకుని బెల్టు కాలిపోయింది.

"చాచా, గీ బండిల బ్రేకుకు గాలి గుంజే పంపు డైనమో ఎనకనే ఉంటది. గిది తిరగకపోతే బ్రేకు లేనట్టే. ఎరుకేనా?"

ఎరుకే. ఎన్నేళ్ల నుంచో ఎరుకే. ఆ బొట్టు కింద దాన్ని కూడా దాచిపెట్టుకున్నాను.

"మరి లైటు ఎలగలేదా?" అంటూ క్యాబిన్లోకి వంగి తాళం తిప్పాడు. అన్ని దీపాలూ వెలిగాయి, ఒక్కటి తప్ప. అతను గోటితో గీకాడు. ఎండిన పసుపు పెచ్చులుగా రాలింది. కింద ఎర్రగా, నిక్షేపంగా దీపం వెలుగుతోంది. మిస్త్రీ నా మొహం చూసి పానా తీసుకున్నాడు. సిగ్గుతో నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

ముందు బ్యాటరీ వైరు విప్పాడు. పాతది దించి, పంపుతో సహా వేరేది తెప్పించి బిగించి, కొత్త బెల్టు వేసి బొటనవేలితో నొక్కి చూశాడు. వైరు మళ్లీ తగిలించి, ఇంజను స్టార్ట్ చేసి బ్యాటరీకి మీటరు పెడితే పద్నాలుగు వోల్టులు చూపించింది.

"చాచా, ఇంజను ఆపి బ్రేకు మీద కాలు పెట్టుండ్రి. గట్టిగ ఉన్నదా? గట్లనే పెట్టి ఇప్పుడు స్టార్ట్ చెయ్యుండ్రి."

ఇంజను అందుకోగానే పెడల్ నా కాలి కింద తనంతట తాను మెత్తగా దిగింది. ఎర్రదీపం ఆరింది. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చేశాను.

నా భార్య ఎక్కి కూర్చుంది. కొంగు తడిపి, దీపం మీద మిగిలిన పసుపు తుడిచింది.

"పండుగ నాడు నువ్వు బొట్టు పెడుతుంటే నేను చూసిన" అంది మెల్లగా. "బాగు చేయిస్తవనుకున్న. పొద్దుగాల అడుగుదామని నోటిదాంక వచ్చింది. బయల్దేరేటప్పుడు అడగొద్దంటివి గదా."

ఆమె ఒళ్లో మనవరాలు నిద్రపోతోంది.

ఇప్పుడు మా ఇంట్లో ఆ నియమం లేదు. బండి స్టార్ట్ చేయగానే నా భార్య కిందే నిలబడి, గల్లీ అంతా వినపడేలా "లైటు ఆరిందా?" అని అడుగుతుంది. ఆరింది అంటాను. ఆమె నా మాట మీద మనవరాలిని ఎక్కించదు. తలుపు తీసి, వంగి, తన కళ్లతో చూసుకుంటుంది.