బందు రోజుల బంగారం లెక్క

“జర తిని పోరాదుండ్రి” అన్నాను. “మిషన్లు ఖాళీగున్నయ్, లెక్క మొదలువెట్టొచ్చి తింటనే” అన్నారు మా ఆయన. మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే.

మొన్న మా ఇంటి దగ్గరి కొత్తగూడ చౌరస్తాలో ఏదో మరమ్మతని ఒక పూట బండ్లు ఆపేస్తే, ఆ నిశ్శబ్దానికి నాకు తెలంగాణ కోసం కొట్లాడిన నాటి బందులు గుర్తొచ్చాయి. సంతకం పెట్టడం తప్ప నాకు రాత రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

మా ఆయన భౌతికశాస్త్రం చదివి, బతుకుదెరువుకు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ కొలువు చేశారు గానీ మనసంతా ఒక సమీకరణం మీదే. బంగారం పరమాణువులో ఎలక్ట్రాన్లు వెలుగుతో పోటీపడేంత జోరుగా ఉరుకుతాయట, ఆ ఉరుకు వల్లే నా పుస్తెలకు పసుపు రంగట, లేకుంటే వెండిలా తెల్లగా ఉండేవట. దాన్ని లెక్కగట్టడం చేత్తో అయ్యేది కాదు, కంప్యూటరే కొద్దికొద్దిగా జవాబుకు దగ్గరవుతూ పోవాలి. ఆయన జవాబేమో ఎక్కడా నిలవక పాతాళానికి జారిపోయేది. ఆ లెక్కలో పెద్ద భాగం, చిన్న భాగం అని రెండుంటాయని, వాటిని విడివిడిగా తీసుకోవడమే తప్పని చివరికి తెలుసుకుని, ఇడ్లీ పిండి రుబ్బుతున్న నా పక్కన కూర్చుని, బియ్యాన్ని బట్టి మినప్పప్పు పోసినట్టు పెద్దదాన్ని బట్టే చిన్నది కట్టాలని పసిపిల్లాడిలా సంబరపడ్డారు.

మామూలు రోజుల్లో ఆఫీసు మిషన్లు, అదే పెద్ద కంప్యూటర్లు, దొరకవు. బందు నాడు వాడుకోవడానికి పెద్దసారు ఒప్పుకున్నాడు గనుక, ఊరంతా ఇంట్లో ఉంటే ఈయన నడిచి ఆఫీసుకు పోయేవారు. తెలంగాణ వస్తే బందులుండవు, మరి మీ లెక్క ఎట్ల అని ఎగతాళి చేస్తే, రెండూ గావాలె నాకు అని నవ్వేవారు.

వచ్చి తింటనని పోయిన ఆ బందు రోజు మిషన్ ముందు, కుర్చీలోనే ఆయన గుండె ఆగింది. పక్క సీటాయన కోస్తా మనిషి, తెలంగాణ విషయంలో ఈయనతో రోజూ వాదులాడేవాడు. దినాలయ్యాక వచ్చి గడపలోనే నిలబడ్డాడు. “లెక్క పూర్తయ్యేదాకా ఆ మిషన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదండీ. జవాబు నిలబడిందండీ, మళ్లీ జారలేదు” అని చెప్పి, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయాడు.

తెలంగాణ వచ్చింది, లెక్కా నిలిచింది, ఆయన కోరినవి రెండూ అయ్యాయి. ఇప్పుడు ఆయన నడిచిన దారిలో వంతెన, ఆగని బండ్లు. మొన్నటి ఆ పూట తప్ప, నడిచి ఇంటికొచ్చే మనిషి అడుగు వినబడే పూట ఒక్కటీ లేదు. పుస్తెలు డబ్బీలో ఉన్నాయి, రంగు పోలేదు.

రాసినవా బిడ్డా? ఇగ మొదటిసంది చదువు. ఆయన వచ్చి తింటనన్న కాడ జర ఆగు.