కారు కింద నేను మూసిన కన్నాలు

సికింద్రాబాద్‌లో సముద్రం లేదు. ఉంటే మోండా మార్కెట్‌లో దాన్ని కూడా బేరమాడి సంచిలో వేసుకుపోయేవాళ్లు. అయినా నేను ఆరేళ్లపాటు తిన్న అన్నం ఆ సముద్రపు ఉప్పుగాలి పెట్టిందే. గల్లీకో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ వెలిసిన రోజులవి. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు యాప్రాల్‌లో ఇల్లు, ఆ వెంటనే కారు కొనేవారు. వీలు దొరికినప్పుడల్లా ఆ కారును సొంతూరికి తోలుకెళ్లి తీరంలో ఇసుక మీద నిలబెట్టేవారు. తిరిగొచ్చాక తుప్పు భయం పట్టుకుని, బొల్లారం దారిలో ఉన్న మా షెడ్డుకు వచ్చేవారు. మేం కారు అడుగుభాగాన్ని కడిగి, ఆరబెట్టి, తారులాంటి నల్లటి పూత కొట్టి పంపేవాళ్లం.

నా చదువు ఏడో తరగతిలోనే ముగిసింది. లెక్కల సారు నడకనూ మాటనూ అనుకరిస్తూ క్లాసంతా తిరిగాను. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడని చివరి బెంచీ దాకా వెళ్లాక గానీ తెలియలేదు. మర్నాటి నుంచి బడికి పోలేదు. షెడ్డులో మాత్రం అదే నోరు నాకు పేరు తెచ్చింది. పూత బాగా పడిందో లేదో కారు కింద దూరి చూసేదెవరు? నవ్వించి పంపితే మాత్రం మళ్లీ వచ్చేవారు.

ఆ రోజు ఉదయం పదింటికి వచ్చిన తెల్లటి చిన్న కారును చూడగానే గుర్తుపట్టాను. ఏడాదిన్నర కిందట దానికి పూత కొట్టింది నేనే. "అయిదేళ్లు ఫికర్ లేదు సార్, తుప్పు వస్తే నా మీసం తీసేస్తా" అన్నాను. అప్పటికి నాకు మీసం సరిగా రాలేదు కూడా.

కారాయన శ్రీకాకుళం మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వెంట వాళ్లమ్మ ఉంది. మర్నాడు పొద్దున్నే ఊళ్లో ఆయన చెల్లెలి నిశ్చితార్థం. యాప్రాల్ వెళ్లి భార్యనూ ఏడాది పాపనూ ఎక్కించుకుని, మధ్యాహ్నానికల్లా బయల్దేరాలి.

"గతుకులో పడ్డప్పుడల్లా వెనకాల కిర్రుమంటోంది. ఏటో చూడు. దారిలో వానలట, పనిలో పని మళ్లీ కోటింగ్ కొట్టేయ్," అన్నాడు.

"వెనక సీట్ల అత్తాకోడళ్లు కూసుంటరు గద సార్, కారు సుత వాళ్ల దగ్గర నేర్చుకున్నట్టుంది."

వాళ్లమ్మ పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు, వాచీ చూసుకున్నాడు.

"అరేయ్, ముచ్చట్లు బంద్ జేసి పని షురూ చెయ్," అని అరిచాడు ఉస్తాద్. షెడ్డు ఆయనదే.

కింద నిలబడి పనిచేయడానికి షెడ్డులో తవ్విన గుంత మీదికి కారును ఎక్కించి నేను కిందికి దిగాను. పూత కొట్టేముందు స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా తట్టి వినడం మా పద్ధతి. గట్టి ఇనుము ఠంగుమంటుంది. ముందు భాగమంతా అలాగే పలికింది. వెనక కుడి చక్రం పైన, స్ప్రింగు ఆనుకునే బోలు ఇనుప పట్టీ దగ్గర తడితే నానిన అట్టను తట్టినట్టుంది. నేను కొట్టిన పూత మాత్రం నున్నగా, నల్లగా మెరుస్తూనే ఉంది. స్క్రూడ్రైవర్ మొన ఆనించి కొంచెం నొక్కాను. పిడిదాకా దిగిపోయింది.

చేయి వెనక్కి తీసుకోవడానికి కూడా భయమేసింది. కారు వెనక బరువంతా ఆ పట్టీల మీదే ఉంటుంది. పరుగులో ఉండగా అది విరిగితే చక్రం పక్కకు ఒరిగిపోతుంది. కారు ఎటు పోతుందో నడిపేవాడి చేతిలో ఉండదు.

"సార్, ఈ బండి ఊరికి పోదు," అన్నాను గుంతలోంచి తల పైకెత్తి.

"వేళాకోళానికి టైం లేదయ్యా."

"ఒట్టు సార్. పట్టీ పుచ్చిపోయింది."

"ఆవేళ అయిదేళ్లన్నావు, ఇప్పుడు పోదంటున్నావు. రెండిట్లో ఏది జోకు?"

ఉస్తాద్ గుంత అంచున కూర్చుని గొంతు తగ్గించాడు. "పుచ్చిన కాడ రేకు ముక్క వెల్డింగ్ కొట్టు, నల్లగ చేసి పంపు. వచ్చినంక చూద్దాం."

"రేకు దేనికి అతికిస్తం ఉస్తాద్? అతకనీకి ఆడ ఇనుముండాలె గద!"

"గిరాకీని భయపెట్టకురా, నీ యవ్వ."

బయట పూత చెక్కుచెదరలేదంటే తుప్పు లోపలి నుంచి వచ్చినట్టే. పైకొచ్చి డిక్కీ తెరిచి, చాప ఎత్తి, స్టెప్నీ టైరు తీశాను. అడుగున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. వాసన గుప్పుమంది.

"సేపల వాసన్లే బాబూ," అంది వాళ్లమ్మ. "ఊరెల్లినప్పుడల్లా రేవుకాడ కొంటాం. అయిసులో ఉప్పు కలిపి పెట్టెల్లో సర్దితే ఇక్కడిదాకా సెడవు. మా సుట్టాలకీ, ఆఫీసోల్లకీ అందరికీ పంచాల గదా."

సముద్రపు గాలికి భయపడి కారు కింద పూత కొట్టించుకున్నవాళ్లు, ఆ సముద్రాన్నే డిక్కీలో పెట్టుకుని తెస్తున్నారు. అయిసు కరిగిన ఉప్పునీళ్లు అతుకుల్లోంచి పట్టీల్లోకి దిగాయి.

కారాయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే తప్పు మాదే. సరేలే, ఇన్నాళ్లు తిరిగింది, ఇంకొక్కసారి తిరగదా? మెల్లగా పోతాం. తాళం ఇచ్చేయ్."

ఉస్తాద్ కూడా తలూపాడు. తాళం నా జేబులో ఉంది. జేబులో చెయ్యి పెట్టిన క్షణంలోనే నాకు మిగతా సగం తట్టింది. పట్టీల్లోకి దిగిన నీళ్లు కారిపోవడానికి కంపెనీవాళ్లు అడుగున కన్నాలు పెడతారు. పూత కొట్టేముందు వాటికి గుడ్డ పేలికలు కుక్కి, ఆరాక తీసేయాలి. ఉస్తాద్ నాకు నేర్పిన మొదటి పని అదే. నాకేమో ఆ పేలికల పని విసుగు. కన్నం ఉంటే ఉప్పు దూరుతుంది గానీ మూస్తే నష్టమేముందని నా తెలివి. అన్నిటినీ పూతతోనే పూడ్చేసేవాణ్ణి.

నోరు మూసుకుంటే నేరమంతా చేపల మీదికే పోతుంది. తాళం ఇస్తే సాయంత్రానికి పాపతో సహా అందరూ బెజవాడ దారిలో ఉంటారు. నా మాట ఆయన ఎలాగూ నమ్మడు.

"సార్, జెర కిందికి దిగుండ్రి."

విసుక్కుంటూనే దిగాడు. పట్టీ అట్టడుగున కన్నం ఉండాల్సిన చోట మేకుతో పూతను గీరి పొడిచాను. ఎర్రటి నీళ్లు ధారగా వచ్చి ఆయన ఇస్త్రీ చొక్కా చేతి మీద పడ్డాయి.

"ఇవి మీ చేపల నీళ్లే సార్. కానీ వీటిని లోపట బంద్ చేసింది నేను. కారిపోయే కన్నాలన్నీ నేనే మూసిన. ఏడాదిన్నర సంది బయటికి తొవ్వ లేక పట్టీని తింటున్నయ్. నాదే గల్తీ. పాపను దీంట్ల ఎక్కియ్యకుండ్రి."

పైన ఉస్తాద్ ఏదో తిట్టబోయి ఆగాడు. కారాయన తడిసిన చొక్కాను చూసుకోలేదు, నన్నే చూశాడు.

"మీ ఓనర్ ముందే చెప్తున్నావే. నీ ఉద్యోగం ఉంటుందా?"

"ఉండదు సార్."

ఆయన నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, ఎడమవైపు పట్టీ మీద తానే నొక్కాడు. అటువైపూ దిగిపోయింది. ఇంకేమీ అనకుండా పైకెక్కి భార్యకు ఫోన్ చేశాడు. "సామాను తగ్గించు. బస్సులో పోతున్నాం... నిజమే. వచ్చాక చెప్తాను."

"కారేసుకొత్తన్నామని ఊరంతా సెప్పేనురా," అంది వాళ్లమ్మ.

"పదమ్మా."

ఆటో ఎక్కుతూ ఆవిడ నా వైపు తిరిగింది. "నీకు నోరొచ్చినంతగా పని రాలేదు బాబూ."

ఆటో మలుపు తిరిగేదాకా ఉస్తాద్ కదల్లేదు. తిడతాడని, గల్లా పట్టి బయటికి గెంటుతాడని ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆయన మెల్లగా గుంతలోకి దిగి, చుక్కలు చుక్కలుగా కారుతున్న కన్నం కింద అరచేయి పట్టాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఇట్ల మూసినవి ఇంకెన్ని బండ్లున్నయ్‌రా?"

గుర్తున్నవాటిని వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండు చేతుల వేళ్లూ సరిపోలేదు.