పంటి కింద సీసం

నేను బడిలో ఆటల టీచరును. చీర కట్టేది ఏడాదికి నాలుగుసార్లు. ఈ ఉదయం బడి వార్షికోత్సవం కదా అని పట్టుచీర తీసి, కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకుని, పిన్నీసు పళ్ళ మధ్య ఇరికించుకున్నాను. నాలుక కొసకు చల్లగా ఇనుము రుచి తగిలింది. అంతే, గాజువాకలో మా మూడో అంతస్తు గది కాస్తా ఎటో పోయి, చోడవరంలో మా పెరడు, పెరట్లో పొయ్యి, పొయ్యి మీద ఇనప గరిటె కళ్ళ ముందుకు వచ్చేశాయి. పిన్నీసు తీసి పక్కన పెట్టి, గబగబా వెళ్ళి నోరు పుక్కిలించాను. మా ఆయన చూసి నవ్వాడు. పెళ్ళయిన నాటి నుంచీ నవ్వుతూనే ఉన్నాడు. ఆయన మా డ్రిల్లు మేష్టారిని చూడలేదు. మీరూ చూడలేదు.

మేష్టారు మా పక్కింట్లో ఉండేవారు. అప్పటికే రిటైరయ్యారు. పిట్టగోడకు అటు ఆయన, ఇటు మేము. తెల్లటి కేన్వాసు బూట్లు, జేబులో విజిలు, మెడ చుట్టూ తువ్వాలు. తెల్లవారక ముందే కాలవ గట్టు మీదికి నడకకు పోయేవారు. లోకంలో ఏ రోగానికైనా ఆయన దగ్గర ఉన్న మందు ఒక్కటే, వ్యాయామం. తలనొప్పికి గుంజీళ్ళు, దిగులుకు పరుగు. ఒకసారి మా వీధిలో మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటుంటే మధ్యలో నిలబడి, "ఇద్దరూ కాలవ దాకా నడిచొచ్చి, అప్పుడు తిట్టుకోండి" అన్నారు. వాళ్ళు నిజంగానే నడిచి వచ్చారు. వచ్చాక మళ్ళీ తిట్టుకున్నారనుకోండి, కాస్త మెల్లగా.

మా నాన్న అప్పన్న విసురు వలలు అల్లేవాడు. రైవాడ రిజర్వాయరులోనూ చెరువుల్లోనూ చేపలు పట్టేవాళ్ళు మా ఇంటికే వచ్చేవారు. వల నీళ్ళలో గొడుగులా విచ్చుకుని మునగాలంటే అంచు పొడవునా సీసం గుండ్లు కట్టాలి. నాన్న పాత బేటరీల్లోని సీసం పెరట్లో పొయ్యి మీద ఇనప గరిటెలో కరిగించి, చీలిక ఉన్న చిన్న చిన్న గుండ్లు పోసేవాడు. ఆ చీలికలో అంచు తాడు పెట్టి గుండును నొక్కేయాలి. దానికి మా ఇంట్లో పనిముట్టు నా పళ్ళు. తాడు చేత్తో లాగి పట్టుకుని, గుండు పంటి కింద పెట్టి కటుక్కున కొరికితే బిగిసిపోయేది. ఎనిమిదేళ్ళ వయసు నుంచీ అదే పని. "మా గౌరి పళ్ళు పట్టకార్లు బాబూ" అని నాన్న వచ్చిన వాళ్ళందరితో గొప్పలు చెప్పేవాడు. నాకూ గర్వంగానే ఉండేది. పైగా సీసం కాస్త తియ్యగా ఉంటుంది. ఆ తీపి ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది గానీ, అప్పుడు ఇష్టంగానే ఉండేది.

ఇంటరయ్యాక కానిస్టేబులు ఉద్యోగం మీద మనసు పడింది. మా వీధిలో ఆడపిల్ల ఎవరూ చేయని ఉద్యోగం. రాతపరీక్ష గట్టెక్కాను. ఇక మిగిలింది పరుగు. మేష్టారు తనంతట తానే పిట్టగోడ మీద నుంచి తల పెట్టి, "రేపు చీకటితో లెగు" అన్నారు. మర్నాటి నుంచి కాలవ గట్టు మీద ఆయన ముందు, నేను వెనక. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడుతున్న రోజులు. మంచులో కలిసి ఆ పాకం వాసన గట్టు దాకా వచ్చేది. బళ్ళ మీది నుంచి రాలిన చెరుకు ఆకులు కాళ్ళ కింద చప్పుడయ్యేవి. ఆ పొద్దుల్లో నేను పరుగెత్తానా, కలలో తేలానా అన్నది ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

మొదటి రెండు వారాలు బాగానే సాగింది. ఆ తర్వాత కాళ్ళు బరువెక్కాయి. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. పక్క మీద వాలితే కళ్ళు మూతపడేవి కావు. మూతపడినా అది నిద్ర కాదు, నీళ్ళ అడుగున పడుకుని పైన మనుషులు మాట్లాడుకోవడం వింటున్నట్టు ఉండేది. అమ్మ మీద ఊరికే అరిచేదాన్ని. మేష్టారికి చెప్పాను.

"నిద్దరట్టట్లేదండి."

"ఒళ్ళు అలిసిపోతే నిద్దర అదే వస్తదే గుంటా. ఇంకో రెండు రౌండ్లు కొట్టు."

కొట్టాను. నిద్ర రాలేదు. ఇంకో రెండు పెంచారు. నేను మరీ వెనకబడ్డాను. ఒక ఉదయం గట్టు మీద కూలబడిపోతే విజిలు తీసి చెవి పక్కనే ఊదారు. "కూకుంటే కానిస్టేబులు ఉజ్జోగం ఇచ్చీస్తారేటి? బద్ధకం కాకపోతే ఏటిది?" అన్నారు. ఆ మాటకు నేను ఏడ్చాను. ఆయన మీద అంత కోపం అంతకు ముందెప్పుడూ రాలేదు. విజిలు లాక్కుని కాలవలో పారేద్దామనుకున్నాను, కానీ లేచే ఓపిక లేదు.

ఆ మధ్యాహ్నం మేష్టారు మా ఇంటికి వచ్చారు, చేతిలో అరటిపళ్ళతో. క్షమించమని నోటితో చెప్పడం ఆయనకు రాదు, పళ్ళతో చెప్పేవారు. నేను అరుగు మీద వల ముందేసుకుని పనిలో ఉన్నాను. నోట్లో నాలుగు గుండ్లు, చేతిలో తాడు. ఒకటి కొరికి బిగించి, నాలుకతో రెండోది పంటి కిందికి తోసుకున్నాను. అన్నేళ్ళుగా పక్కింట్లో ఉండి కూడా ఆయన ఆ పని అంత దగ్గర నుంచి చూడలేదట. మెట్ల దగ్గరే ఆగిపోయారు.

"నోట్లోవి ఉమ్మీ" అన్నారు.

"ఏటండి?"

"ముందు ఉమ్మీమన్నాను కదే!"

ఉమ్మేశాను. గుండ్లు అరుగు మీద దొర్లాయి. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగారు. "చిన్నప్పట్నుంచీ" అన్నాను. ఆయన అరటిపళ్ళు అక్కడే పెట్టేసి మెట్టు మీద కూర్చున్నారు. మర్నాడు నన్నూ అమ్మనూ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ నా పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసింది. అక్కడ సన్నటి నీలం గీత ఉందట. రోజూ అద్దం చూసుకునేదాన్నే, ఎన్నడూ గమనించలేదు. రక్తం విశాఖపట్నం పంపారు. ఒంట్లో సీసం చేరిందన్నారు. కడుపునొప్పి, నీరసం, చిరాకు, నిద్ర లేకపోవడం అన్నీ దానివల్లే కావచ్చని, ముందు ఆ పని మానాలని, పెరట్లో పొయ్యి తీసేయాలని, బాగా తినాలని, ఒంటిని అలసిపోనివ్వకూడదని చెప్పింది. అప్పటికి పరుగు పరీక్ష మూడు వారాల్లో ఉంది.

నాన్న ఒప్పుకోలేదు. "మా అయ్య ఇదే పని సేసేడు, నానూ ఇదే సేస్తన్నాను. ఎవులికి ఏటయ్యింది మేష్టారూ? మీరు పరిగెత్తించి గుంటని పాడు సేసి, ఇప్పుడు నా వల మీదెట్టేస్తారేటి?" అని కేకలేశాడు. అందులో కొంత నిజం ఉందని మేష్టారికీ తెలుసు. నేను మాత్రం మేష్టారి కాళ్ళా వేళ్ళా పడ్డాను, పరీక్షకు పంపమని.

"ఈసారికొద్దు."

"మళ్ళీ ఎప్పుడేస్తారో తెలీదు కదండి!"

"తెలీదు. ఉజ్జోగం పోతే ఇంకోటి సూసుకుందాం. నువ్వు పోతే ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?"

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం ఆయన కటింగ్ ప్లేయర్ ఒకటి కొనుక్కుని వచ్చారు. నాన్న ఎదురుగా చతికిలబడి, వల అంచు ఒళ్ళోకి లాక్కుని, గుండు తాడుకు పెట్టి ప్లేయరుతో నొక్కారు. టిక్. మొదటిది జారిపోయింది. రెండోది వంకర పోయింది. నాన్న కోపంలో ఉండి కూడా నవ్వాపుకోలేకపోయాడు. "ఇలగైతే సేపలు ముసిలైపోతాయి బాబూ" అన్నాడు. మేష్టారు తలెత్తకుండానే నాతో, "నువ్వెళ్ళి పడుకో. ఇయ్యాల్టి నుంచి నీ ప్రాక్టీసు అదే" అన్నారు.

అలిగి లోపలికి పోయి చాప మీద పడుకున్నాను. నిద్రపోకూడదని పంతం పట్టాను కూడా. బయట టిక్, కాసేపు ఆగి మళ్ళీ టిక్. కిటికీలోంచి ఎండ, దూరంగా ఫ్యాక్టరీ కూత, అమ్మ బియ్యం చెరిగే చప్పుడు. ఆ టిక్‌ల మధ్య నేను కాలవ గట్టు మీద నడుస్తున్నాను. గట్టు మెత్తగా ఉంది. నీళ్ళలో వల విచ్చుకుని మెల్లగా దిగుతోంది, దానికి గుండ్లు లేవు, అయినా దిగుతోంది. అలా ఎన్ని రోజులు పడుకున్నానో, ఏ రోజుకు ఆ పడుకోవడం నిద్రగా మారిందో తెలియదు. ఒక రోజు లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది. మేష్టారు వెళ్ళిపోయారు. అరుగు మీద వల అంచు పూర్తయి ఉంది.

పరుగు పరీక్ష జరిగిన రోజు కూడా నేను పడుకునే ఉన్నాను. మెలకువ వచ్చాక గోడకు తిరిగి ఏడ్చాను. నాన్న తలుపు దగ్గర నిలబడి చూశాడు. ఆ వారంలోనే చెరువు దగ్గర వల విసరబోతే ఆయన మణికట్టు లేవలేదు, వల కాళ్ళ ముందే కుప్పగా పడింది. నా ఒంట్లో చేరిన సీసమే ఆయన చేతి నరాలకూ ఎక్కింది. ఇంటికొచ్చి పెరట్లో పొయ్యిని ఆయనే పగలగొట్టాడు. తర్వాత ఇనప గుండ్లు కట్టాడు. అవి తుప్పు పడతాయని వచ్చినవాళ్ళు సణిగారు. సణగనిచ్చాడు.

మళ్ళీ ఆ ఉద్యోగాలు పడేసరికి నా వయసు దాటిపోయింది. మేష్టారే అప్లికేషను తెచ్చి నన్ను వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణకు పంపించారు. బస్సు ఎక్కి కూర్చున్నాక కిటికీ దగ్గరకు వచ్చి, తన విజిలు నా చేతిలో పెట్టి, బూట్ల వంక చూస్తూ అన్నారు: "పిల్లలెనకబడితే ముందు విజిలూదకమ్మా. నిద్దర పడతందా, ఇంట్లో ఏటి పని సేస్తారని అడుగు. నాను అడగలేదు."

ఆయన చివరి రోజుల్లో చూడడానికి వెళ్ళాను. మంచం దిగలేకపోతున్నారు. అంత నడిచిన మనిషికి నిద్ర పట్టడం లేదు. "కళ్ళు ముయ్యగానే గట్టు మీదుంటానే, నడవనేను" అన్నారు. నేను మా ఇంటికి వెళ్ళి అరుగు మీద చూరులో వెతికితే ఆ పాత ప్లేయరు దొరికింది. ఆయన మంచం పక్కన స్టూలేసుకుని, చేతిలో గుండు గానీ తాడు గానీ లేకుండానే నొక్కాను. టిక్. కాసేపు ఆగి మళ్ళీ టిక్. ఆయన పెదాలు నవ్వాయి. కొంతసేపటికి ఊపిరి నిదానించింది. నిద్రపోయారు. ఆపితే లేచిపోతారేమోనని, వేళ్ళు నొప్పెడుతున్నా సాయంత్రం దాకా నొక్కుతూనే ఉన్నాను.

ఆ ప్లేయరు ఇప్పుడు బడిలో నా బల్ల సొరుగులో ఉంది. పరుగులో వెనకబడిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ముందు నిద్ర సంగతి అడుగుతాను, తర్వాత ఇంటి పని సంగతి. ఇరవై ఏళ్ళలో ఒక్కరిది కూడా బద్ధకం అనలేదు. మేష్టారు ఇచ్చిన విజిలు నా మెడలో ఉంటుంది. పోటీలు మొదలుపెట్టడానికి తప్ప దాన్ని ఊదలేదు.