అరిచే బండి

ధమ్తరీ నుంచి రాయ్‌పూర్ వచ్చే బస్సు ఇంజన్ ఆ రోజు గొంతు చించుకుంటోంది. "చెవులు పోతున్నాయి," అని తెలుగులో విసుక్కున్నాను. పక్క సీట్లో పెద్దాయన నావైపు తిరిగి తెలుగులోనే అన్నాడు.

"అరవనీ అమ్మా. అరిచే బండే నయం."

ఆయనది రాయ్‌పూర్‌లో రైలు వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపు పక్కనున్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీయట. వ్యాగన్ చక్రాన్ని సుత్తితో కొట్టి, ఆ మోత విని, పగులుందో లేదో చెప్పే పని చేసి రిటైరయ్యాడట.

"నా పాత కారు ఇంజన్‌లో టైమింగ్ చెయిన్ అని ఇనప గొలుసు ఉండేది. అరిగితే ముందే గలగలమనేది. తర్వాత కొన్న వ్యాన్‌కి దాని బదులు రబ్బరు బెల్టు. మార్చెయ్యమని బండి మిస్త్రీ చెబుతూనే ఉన్నాడు. చప్పుడే లేదు కదా, బిల్కుల్ ఠీక్ ఉంది అన్నాను. ధమ్తరీలో ఉండగా గుండెల్లో నొప్పంటే మా ఆవిణ్ణి రాయ్‌పూర్ ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. ఇదిగో, ఇక్కడే బెల్టు తెగి బండి ఆగిపోయింది."

కిటికీ బయట అభన్‌పూర్ వెనక్కి పోతోంది.

"నేను ముందు సీటెత్తి దాని కిందున్న ఇంజన్ చూస్తూ ఉండిపోయాను. వెనక సీట్లో తనూ చప్పుడు చెయ్యకుండానే పోయిందమ్మా."

నేను తల వంచుకుని ఒళ్ళో సంచీ సర్దుకున్నాను. ఆయన ఆ సంచీ అంచు పట్టుకున్నాడు.

"ఏదో ఒకటి మాట్లాడమ్మా."

మా వీధి కుళాయి గురించి, ధమ్తరీలో కొన్న వంకాయల గురించి, రాయ్‌పూర్ దాకా ఆపకుండా మాట్లాడాను.