పాలు పొంగే వేళకు స్పీడ్ టెస్ట్

మా వదినగారి గృహప్రవేశాన్ని ఒంటిచేత్తో, అదీ ఒక్క చూపుడువేలితో, ఆపేసినంత పని చేసిన ఘనుణ్ని నేను. అతిశయోక్తి అనుకుంటున్నారా? ఇందిరాపురంలోని ఆ అపార్టుమెంటుకు వెళ్లి అడగండి. నా పేరు చెప్పగానే గేటు దగ్గర గార్డు భయ్యా ముందు నవ్వుతాడు, తర్వాతే దారి చెబుతాడు.

అప్పట్లో నేను కొత్తగా ఫైవ్‌జీ ఫోను కొన్నాను. కొన్నాననడం తక్కువ, ఊరేగించాను. మెట్రోలో పక్క సీటాయన అడిగినా అడగకపోయినా స్పీడ్ టెస్ట్ పెట్టి చూపించేవాణ్ని. ముల్లు గిర్రున తిరిగి చివరికంటా వెళ్తుంటే, టవరు నేనే కట్టించినంత గర్వం! ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఫోను ఖరీదైనదేగానీ, అందులో వేయించింది రోజుకింతని కొలిచి పోసే అతి చవక ప్లాను. గుర్రాన్ని కొని గడ్డి దగ్గర బేరమాడే రకం నేను.

మా అత్తగారిది తెనాలి. పెద్దకూతురు సొంతిల్లు కొనుక్కుంటే తమ ఇంటి పురోహితులు శాస్త్రిగారే మంత్రం చదవాలని ఆవిడ పట్టు. శాస్త్రిగారికేమో మోకాళ్ల నొప్పులు, రైలెక్కలేరు. సరే, ఇక్కడ ఉత్తరాదిలో మన తెలుగువాళ్లు చాలామంది చేసే పనే చేద్దామన్నారు. ఆయన అక్కణ్నుంచి వీడియో కాల్లో మంత్రం చదువుతారు, ఇక్కడ వదిన పాలు పొంగిస్తుంది. కొత్త ఫ్లాటులో ఇంకా వైఫై పెట్టించలేదు.

"నెట్ సంగతి నాకొదిలేయండి!" అన్నాను.

మా తోడల్లుడు మూర్తిగారు అనుమానంగా చూశారు. "తమ్ముడూ, ముహూర్తం కాసేపే. ఇది తప్పితే ఆషాఢం, ఇక శ్రావణం దాకా ఆగాలి. అద్దె ఇల్లు ఖాళీ చేసి సామానుతో సహా వచ్చేశాం. ఆలోచించుకో."

"అన్నయ్యగారూ, ముందు ఇది చూడండి," అని టెస్ట్ కొట్టాను. ముల్లు పరుగెత్తింది. ఆయన సరే కానిమ్మని నా భుజం తట్టారు. ఆ రుచి మరిగాక ఇంకేం ఆగుతాను? గృహప్రవేశం రోజు పొద్దుట్నుంచీ వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించాను. పక్క ఫ్లాటు గుప్తా అంకుల్ అయితే కళ్లజోడు సవరించుకుని, "అరే వాహ్ బేటా! ఫిర్ సే దిఖావో," అన్నారు. ఆయన మళ్లీ చూపించమన్నకొద్దీ ఫిర్ సే, ఫిర్ సే చూపించాను.

అంతటితో ఆగానా? "ఇన్ని ఫోన్లు ఆన్‌లో ఉంటే నా సిగ్నల్ పంచుకుంటాయి. అన్నీ ఇటివ్వండి," అని అందరివీ సంచీలో వేసుకున్నాను. అంకుల్‌దీ వదల్లేదు. తెనాలి నుంచి వచ్చిన అత్తగారు కూడా తన బటన్ల ఫోను తీశారు. "నాది కూడానా బాబూ?"

"అది ఫోన్ల లెక్కలోకి రాదులెండి అత్తయ్యగారూ. ఉంచుకోండి."

సంచీ తీసుకెళ్లి బేస్‌మెంటులో, కారులో పెట్టి వచ్చాను. పెళ్లికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లాడట ఒకడు. ఆ పిల్లిని నేనే.

శాస్త్రిగారు తెరమీదికొచ్చారు. ఆహా, ఎంత స్పష్టం! నుదుటిమీద విభూతి రేఖలు లెక్కపెట్టొచ్చు. వదిన కొత్త గిన్నెలో పాలు పోసి పొయ్యి వెలిగించింది. శాస్త్రిగారు గొంతు సవరించుకుని "ఓం" అన్నారు. అంతే, ఆ తెరిచిన నోరు మళ్లీ మూతపడలేదు.

"బాబాయ్, శాస్త్రిగారు హ్యాంగ్ హో గయే!" అంది వదిన కూతురు చిన్ని.

తెరమీద మెసేజ్ వచ్చింది. ఈ రోజుకి మీ డేటా అయిపోయింది, రీచార్జి చేసుకోండి అని. కొలిచి పోసిన ఆ కాస్తా నా స్పీడ్ టెస్టులే తాగేశాయి. చేసుకుందామంటే దానికీ నెట్ కావాలి! కారులో ఫోన్లు తెద్దామని లిఫ్టుకు పరుగెత్తాను. అందులో ఎవరివో సోఫాలు ఎక్కిస్తున్నారు. మెట్లు దిగి ఎక్కేసరికి ముహూర్తం దాటిపోతుంది.

"పాలు పైకొస్తున్నాయి! మంట తగ్గించనా?" వదిన కేక.

"తగ్గించు!" అన్నారు మూర్తిగారు.

"తగ్గిస్తే మంచిదేనా?"

"అయితే పెంచు!"

వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎన్నేళ్లు కూడబెట్టి కొనుక్కున్నామండీ ఈ ఇల్లు," అంది. మా ఆవిడ నావైపు చూసిన చూపుకు ఆ పొయ్యి కూడా అక్కర్లేదు, పాలు వాటంతటవే కాగిపోయేవి. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు అత్తగారు బొడ్డులోంచి బటన్ల ఫోను తీసి, బొటనవేలితో నొక్కి, స్పీకరు పెట్టారు.

"శాస్త్రిగారూ! మీ బొమ్మ బిగుసుకుపోయింది. బొమ్మతో పనేముంది, గొంతు చాలు. కానివ్వండి!"

అబ్బ, ఆ బుల్లి ఫోనులోంచి వచ్చిన మంత్రం! ఎదురు ఫ్లాటు ఆంటీ తలుపు తీసి చెంగు తలమీద కప్పుకుని దండం పెట్టింది. సరిగ్గా ముహూర్తానికి పాలు పొంగాయి. వదిన నవ్వింది. మూర్తిగారు నన్ను తప్ప అందరినీ కౌగిలించుకున్నారు.

భోజనాల దగ్గర గుప్తా అంకుల్, "వో నెట్‌వాలా దామాద్ కహాఁ హై?" అంటూ ఆ నెట్ అల్లుడెక్కడని వెతికారు. నేను విస్తరిలో తల దూర్చేయబోతున్నాను. ఇంతలో అత్తగారు నేతి గిన్నెతో వచ్చి నిలబడ్డారు.

"మా చిన్నల్లుణ్ని ఏమీ అనకండి. అందరి ఫోన్లూ తీసుకుని నాదొక్కటీ ఉంచుకోమన్నాడు. ఎంత ముందుచూపు!" అని నాకు మరో గరిటె నెయ్యి వేశారు.

నేనేం చేశానంటారా? సిగ్గు లేకుండా, "అవునండీ, అందుకే ఉంచమన్నాను," అన్నాను. మళ్లీ ఛాతీ పొంగింది. ఆవిడ అల్లుణ్నని ఆ రోజు గర్వపడినంతగా ఫోను కొన్నప్పుడు కూడా పడలేదు.

కనుక పొంగిన పాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై శుభకార్యాలలో స్పీడ్ టెస్ట్ ముట్టను. ఎవరి ముహూర్తానికైనా నెట్ పూచీ నాదే అని మళ్లీ అన్నానంటే, మా అత్తగారు పక్కన కూర్చుని ఉన్నారని, ఆవిడ ఫోను నిండా చార్జింగ్ ఉందని అర్థం చేసుకోండి.