కూత మధ్యలో ఊపిరి

కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు మధ్యలో ఊపిరి తీసుకోకూడదు. మా జట్టులో ఎవడైనా దొంగచాటుగా తీసుకుంటే చెంప పగలగొట్టేవాణ్ణి. బహ్రెయిన్‌లో ఒక ప్రైవేటు కాలేజీకి ఆరేళ్ళు కోచ్‌గా చేశాను. నా దెబ్బ తినని ఆటగాడు లేడు. దాన్ని శిక్షణ అనుకునేవాణ్ణి.

కరోనా ఏడాది హాలు తలుపులు మూసి, పోటీలు ఫోన్లలో చూపించారు. డబ్బు పెట్టే వ్యాపారిది ఒకటే షరతు: మా ప్రధాన రైడర్ ఆడాలి. ఆ డబ్బు రాకపోతే జట్టును ఎత్తేస్తామని కాలేజీవాళ్ళు అన్నారు. జట్టు పోతే నా వీసా పోతుంది.

ఆ రైడర్ హమద్ టౌన్‌లో ఉండే మేస్త్రీ కొడుకు. మా కరీంనగర్ వైపువాళ్ళే. వాడికి కరోనా తగ్గి పది రోజులైంది. నెల దాకా ఆడొద్దని డాక్టర్ రాసిన చీటీ తెచ్చి ఇచ్చాడు. జేబులో పెట్టుకున్నాను.

"ముప్పై సెకండ్లు కూత పెట్టు. దమ్ముంటే ఆడు, లేకుంటే ఇంటికి పో."

పెట్టాడు. ఇరవై దగ్గర సన్నగా ఊపిరి లాగాడు. నాకు వినిపించింది. వాడు దెబ్బ కోసం కళ్ళు మూసుకున్నాడు. నేను కొట్టలేదు.

"మంచిగుంది. యల్లా, జల్ది బూట్లు కట్టుకో."

"ఇయ్యాల కొట్టలేదేంది సార్? చెయ్యి నొస్తుందా?" అని నవ్వబోయి దగ్గాడు.

ఆటలో మూడో కూతకే అవతలివాళ్ళు వాడి చీలమండ పట్టారు. ఒకడి మోకాలు పక్కటెముకల్లో దిగింది. ఇంకొకడి మోచేయి మూతి పగలగొట్టింది. ఐదుగురు మీద పడ్డారు. ఆ కుప్ప కింద కూత తెగుతోంది, మళ్ళీ వస్తోంది; రిఫరీకి అది వినపడలేదు. "చావకు! గీత ముట్టు!" అని అరిచాను. మ్యాట్‌ను గోకుతూ ఒక చెయ్యి పాకి గీతను తాకింది. పాయింట్ వచ్చింది. మిగతావాళ్ళు లేచాక చూస్తే వాడి పెదాలు నీలంగా ఉన్నాయి, నోటి నిండా రక్తం.

ఆసుపత్రి బయట మేస్త్రీ నా కాలర్ పట్టుకున్నాడు. "మావోడు చీటీ ఇయ్యలేదా నీకు?"

"ఇయ్యలేదు" అన్నాను.

నా మాటే నమ్మాడు. కొడుకు ఇంటికొచ్చిన రోజున, చీటీ దాచి ఆడావని బెల్టుతో కొట్టాడు. వాడు నా పేరు చెప్పలేదట. ఆ సంగతి జట్టులోవాళ్ళు చెప్పాక రెండు రోజులు ఆగి, చీటీ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళి, మీవాడు నాకిచ్చింది ఇదేనని మేస్త్రీ చేతిలో పెట్టాను.

మేస్త్రీకి ఇంగ్లిష్ రాదు. మళ్ళీ నా కాలర్ పట్టుకుని, చదవమని కొడుక్కి ఇచ్చాడు. మెడ మీద వాతలతో వాడు గోడకు ఆనుకుని చదివాడు. రెండు వరుసల చీటీ. నాలుగు చోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు. అంతసేపూ ఆ పిడికిలి నా గొంతు దగ్గరే ఉంది.